చేతికి శంకుస్థాపన

ప్రభుత్వం వారు ఏ నియమాన్నీ ఊరికే చేయరు. పెద్దవారి మనసు ఎక్కడో నొచ్చుకొని ఉండాలి. శుభారంభ నియమావళి కూడా ఆ విధంగానే పుట్టింది. పొరుగు పట్టణంలో బస్టాండు ప్రక్కన ఒక మరుగుదొడ్డి కట్టించి, అమాత్యుల వారి చేతుల మీదుగా ప్రారంభింపజేయడానికి వాకిలికి ఎర్ర రిబ్బను కట్టి ఉంచారు. బస్సు దిగిన ప్రయాణికుడెవరో ఓర్చుకోలేక రిబ్బను క్రింద నుంచి దూరి లోపలికి పోయాడు. అమాత్యుల వారు కత్తెర అందుకొని ఫొటోకు నిలుచున్న శుభముహూర్తంలో ఆ మనిషి రిబ్బనుకు అటువైపున ప్రత్యక్షమై, "చాలా బాగుంది సార్, నీళ్లు కూడా వస్తున్నాయి" అని మనస్ఫూర్తిగా చెప్పి, తన సంచీ తాను తీసుకొని వెళ్లిపోయాడు.

అటువంటి అవమానం మరెన్నడూ జరగకుండా వెలువడిన నియమావళి సారాంశం ఇది: ప్రభుత్వ పదార్థంతో చేసే ఏ నిర్మాణమూ శంకుస్థాపన లేనిదే మొదలు కారాదు, ప్రారంభోత్సవం కానిదే దానిని ఎవ్వరూ వాడుకోరాదు. నిర్మాణమనగా ఏమి అని ఎవరైనా అడుగుతారేమోనని దానికీ జవాబు చెప్పి పెట్టారు. తడిపినప్పుడు మెత్తగా ఉండి, ఆరిన పిమ్మట గట్టిపడే ఏ పదార్థంతో చేసినదైనా నిర్మాణమే. ఈ నిర్వచనం వెలువడిన వారంలోనే సంక్షేమ హాస్టళ్లలో వంటమనుషులు వడియాలు పెట్టడం మానుకొన్నారు.

సోమలింగపురంలో ఆ నియమావళిని పత్రికలో చదివి సంతోషించిన వ్యక్తి ఒక్కరే. ఆయన లెంక పారినాయుడు గారు. జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో పర్యవేక్షకులుగా పనిచేసి, మచ్చ లేకుండా, సెలవు లేకుండా, నవ్వు లేకుండా పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. "దేనికైనా ఒక పద్ధతి ఉండాలి" అన్నది ఆయన సిద్ధాంతం. "అయితే ఆ పద్ధతే తిని బతకండి, నానొండడం మానేస్తాను" అన్నది ఆయన భార్య పైడమ్మ గారి ఖండన. ముప్పై అయిదేళ్లుగా ఈ వాదం తెగలేదు, వంటా ఆగలేదు.

వేసవి సెలవులకు విశాఖపట్నం నుంచి వచ్చిన కూతురి కూతురు లాస్య, ఎనిమిదేళ్ల పిల్ల, ఒక ఉదయం పెరట్లోని జీడిమామిడి చెట్టెక్కి, చివరి కొమ్మన ఉన్న పండును అందుకోబోయి, పండుతో సహా క్రిందికి వచ్చింది. పండుకు ఏమీ కాలేదు. పిల్లకు కుడి అరచేతిలో, చిటికెన వ్రేలికి క్రిందుగా ఉండే ఎముక విరిగింది.

"ఓలమ్మో! గుంట సెయ్యి బూరెలా పొంగిపోనాది!" అని పైడమ్మ గారు గుండె బాదుకొన్నారు. "బేగి లెగండి. సంతపేటలో కట్లు కట్టే ఆసామీ కాడికి ఎల్దాం. గుడ్డుసొన రాసి, వెదురుబద్దలెట్టి, సిటికెలో కట్టేస్తాడు."

"నాటు కట్టా? నా మనవరాలికా?" పారినాయుడు గారు ఉత్తరీయం సరిచేసుకొన్నారు. "మన ప్రభుత్వాసుపత్రికి ఎముకల విభాగం మంజూరయింది. డాక్టరును వేశారు. గదికి రంగు కూడా వేశారు. మనవంటి వారే పోకపోతే ఇక పద్ధతి అన్నదానికి—"

"తాతా," అన్నది లాస్య ఏడుపు ఆపుకొంటూ, "చెయ్యి నొప్పెడుతోంది. పద్ధతి ఆటోలో చెప్పు."

ఎముకల డాక్టరు నీరజాక్షి గారు చిన్న వయసు మనిషి. ఎక్స్‌రే తీయించి, పటాన్ని వెలుతురుకు పట్టి చూసి, నవ్వారు. "కంగారేమీ లేదండీ. ఎముక పక్కకి జరగలేదు. మణికట్టు దాటించి, ఇదిగో, ఇంతవరకు ప్లాస్టరు కట్టేస్తే చాలు. మూడు వారాల్లో తీసేద్దాం. పిల్లల ఎముకలు తొందరగా అతుక్కుంటాయి. కానీ అతుక్కున్నాక మాత్రం కట్టు ఉంచకూడదు, వేళ్లు బిగుసుకుపోతాయి."

"తీసేశాక అచ్చనగాయలు ఆడొచ్చా డాక్టరుగారూ? అమ్మమ్మని ఓడించాలి. స్కూలు తెరిచేలోపల."

"ఆడొచ్చు కాదు, ఆడాలి. వేళ్లకి అదే మందు."

ఆ మాట విని లాస్య అప్పటికప్పుడు సగం నయమైనట్లు కూర్చున్నది. డాక్టరు గారు ప్లాస్టరు చుట్టను పళ్లెంలోని నీళ్లలో ముంచబోయారు. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఎవరో "నిలుపుడు!" అన్నారు.

వచ్చినవారు ఇద్దరు. ముందున్నది ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ పరాంకుశం గారు. ఆయన స్టెతస్కోపు పట్టుకొని చాలా కాలమైంది, ఇప్పుడు శాలువలే ఎక్కువ పట్టుకొంటున్నారు. వెనుక ఉన్నది శుభారంభ నియమావళి అమలుకు జిల్లా అంతటికీ నియమింపబడిన ప్రత్యేకాధికారి త్రినాథరావు గారు. ఆయన ఎప్పుడు ఎక్కడికి వెళ్లినా జేబులో ఒక కత్తెర, చుట్ట చుట్టిన ఎర్ర రిబ్బను ఉండేవి.

"డాక్టరమ్మా," అన్నారు త్రినాథరావు గారు పరమ శాంతంగా, "తమరు ప్రస్తుతం తడుపనున్న పదార్థం ప్రభుత్వానిదే కదా?"

"అవునండీ, స్టోర్సు నుంచి తెచ్చాం."

"తడిపినప్పుడు మెత్తగా ఉండునా?"

"ఉంటుంది."

"ఆరిన పిమ్మట గట్టిపడునా?"

"గట్టిపడకపోతే ఎందుకండీ అది?"

"అనగా తమరు ఒప్పుకొన్నారు." త్రినాథరావు గారు సూపరింటెండెంటు వైపు తిరిగారు. "సార్, ఇది నిర్మాణం. పైగా ఈ విభాగంలో జరుగుతున్న మొట్టమొదటి నిర్మాణం. శంకుస్థాపన లేనిదే ఒక్క చుట్టు కూడా చుట్టరాదు."

డాక్టరు గారు చుట్టను మళ్లీ పళ్లెం ప్రక్కన పెట్టేశారు. పారినాయుడు గారు మాత్రం లేచి నిలుచొని, "నియమావళి రెండవ అధ్యాయం. నేను చదివాను. అధికారి గారు చెప్పినది అక్షరాలా సరైనది" అన్నారు.

"తమరెవరు?"

"పిల్ల తాతను."

"ఆహా! ఇటువంటి కుటుంబం దొరకడం ఆ ఎముక చేసుకొన్న అదృష్టం" అని త్రినాథరావు గారు చేయి కలిపారు.

అదృష్టమే మరి. అమాత్యుల వారు ఆనాడు ఊళ్లోనే ఉన్నారు. మార్కెటు వీధిలో ఒక దీపస్తంభాన్ని ప్రారంభిస్తున్నారు. మధ్యాహ్నానికి వస్తామని కబురు చేశారు. ఈలోగా డాక్టరు గారు పిల్లకు నొప్పి మందు ఇచ్చి, చేతి క్రింద చెక్క ఆనించి, మెడ నుంచి గుడ్డతో ఊయల కట్టి కూర్చోబెట్టారు. చెక్క తడిపేది కాదు గనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. గది ముందర షామియానా లేచింది. మామిడాకులు వచ్చాయి. మైకు వచ్చి, "వన్, టూ, త్రీ" అన్నది. పురోహితుడు కూడా వచ్చి పిల్లను నాలుగు వైపుల నుంచి పరీక్షించి పెదవి విరిచాడు.

"శంకువు ఈశాన్యంలో పడాలి. విరిగిన చోటు నైరుతిలో ఉందే!"

"ఎముకను జరపడం కుదరదండీ" అన్నారు డాక్టరు గారు.

"ఎముకను జరపమని ఎవరన్నారమ్మా? పిల్లను తిప్పండి."

పిల్లను స్టూలుతో సహా తిప్పారు. ఈశాన్యం కుదిరింది కాని ముఖం గోడ వైపు పడింది. ఫొటోగ్రాఫరు ఒప్పుకోలేదు. చివరకు పిల్లను ముందుకే కూర్చోబెట్టి, షామియానాను తిప్పారు.

"అమ్మమ్మా," అని గుసగుసలాడింది లాస్య, "కొబ్బరికాయ నా చేతి మీద కొడతారా?"

"కొట్టమను, సూద్దాం! ఆ పంతులు బుర్ర మీద రెండోది నాను కొడతాను" అన్నారు పైడమ్మ గారు, గుసగుసగా కాదు.

కొబ్బరికాయ నేల మీదనే కొట్టారు. తరువాతి ఘట్టం తవ్వకం. బంగారు రంగు పూసిన గునపాన్ని వెండి పళ్లెంలో పెట్టి అమాత్యుల వారికి అందించగా, డాక్టరు గారు పరుగున వచ్చి పిల్ల చేతికి అడ్డం నిలిచారు. గునపమా, మరొకటా అన్న విషయమై వేదిక మీదనే ఉన్నతస్థాయి సంప్రదింపులు జరిగాయి. టీ చెంచాతో సరిపెట్టవచ్చునని త్రినాథరావు గారు నిర్ణయించారు. అమాత్యుల వారు పిల్ల అరచేతిని చెంచాతో మూడుసార్లు గోకారు. లాస్యకు కితకితలు పుట్టి కిలకిలమన్నది. ప్రజలు చప్పట్లు కొట్టారు.

అసలు చిక్కు శిలాఫలకం దగ్గర వచ్చింది. ఫలకం లేని శంకుస్థాపన ఉండదు. ఫలకం పెట్టడానికి ప్లాస్టరు తప్ప చోటు లేదు. డాక్టరు గారు అనుకొన్న ప్రకారం మణికట్టు దాటించి కడితే అమాత్యుల వారి పేరు, ఆయన బిరుదులలో సగమూ పట్టాయి. సూపరింటెండెంటు గారు తన పేరు ఎక్కడ అని అడిగారు.

"మోచేతి వరకు పొడిగిస్తే తమరు వస్తారు సార్" అన్నారు త్రినాథరావు గారు కొలత టేపు పట్టి.

"మరి పురపాలక అధ్యక్షులు?"

"మోచెయ్యి దాటాలి."

"అభివృద్ధి సంఘం వారు? మైకు దాత?"

"భుజం వరకు పోనిస్తే అందరూ కూర్చుంటారు."

"విరిగింది చిటికెన వేలు కింద ఎముక!" అని డాక్టరు గారు మొత్తుకొన్నారు.

"వైద్యపరంగా నిజమేనమ్మా. కాని గౌరవపరంగా భుజం వరకు విరిగినట్లే లెక్క" అన్నారు పరాంకుశం గారు.

పిల్లకు చిటికెన వ్రేలి నుంచి భుజం వరకు ప్లాస్టరు పడింది. దాని మీద నీలి రంగుతో పేర్లు వ్రాశారు. పురపాలక అధ్యక్షుల కంటె మైకు దాత పేరు ముందు పడబోతుంటే పారినాయుడు గారే చూసి, వరుస సరిచేయించారు. అమాత్యుల వారు ఆయన భుజం తట్టి, "మీ మనవరాలి చెయ్యి ఈ ప్రాంత అభివృద్ధికి తొలి మెట్టు" అన్నారు. ఆటోలో తిరిగి వస్తూ పారినాయుడు గారు ఆ వాక్యాన్ని మనసులో చాలాసార్లు చదువుకొన్నారు. లాస్య చెయ్యి ఆటోలో పట్టక బయటికి వచ్చి, దారి పొడవునా కుడికి తిరుగుతున్నట్లు సంజ్ఞ చేస్తూ వచ్చింది. వెనుక వచ్చే బండ్ల వారందరూ నమ్మి మోసపోయారు.

తరువాతి రోజులలో వీధి వీధి అంతా వచ్చి ఆ చేతిని చూసి పోయింది. వరండాలో పిల్లను కూర్చోబెట్టి, చేతికర్రతో ఒక్కొక్క పేరూ చూపిస్తూ పారినాయుడు గారు వివరించేవారు. "ఇది అమాత్యుల వారు. మోచేతి మడత దగ్గర ఉన్నది సూపరింటెండెంటు గారు. మడవడానికి వీలు లేదు గనుక ఆయన చెక్కుచెదరలేదు."

"గుంట అన్నం ఎడంసేత్తో తింటంది, ఆరి పేరు సెక్కు సెదరలేదంట!" అని లోపలి నుంచి పైడమ్మ గారు.

అయితే మన ఊళ్లలో నిటారుగా, తెల్లగా, నలుగురూ చూసే చోట ఒక వస్తువు నిలబడితే జరగవలసినదే జరిగింది. ఒక సాయంత్రం లాస్య వీధి చివరి దుకాణానికి వెళ్లి వచ్చేసరికి ఆమె చేతి మీద "టైలరింగు నేర్పబడును" అన్న కాగితం అంటించి ఉన్నది. మరునాడు వేరుశనగ నూనె వారు వచ్చారు. మూడవనాడు మూలశంక వైద్యులు. పిల్లకు తెలియనే తెలియదు. వీపు వెనుక నుంచి జిగురు పూసి అంటించి పోయేవారు. పారినాయుడు గారు త్రినాథరావు గారికి ఫిర్యాదు చేయగా, ఆయన స్వయంగా రంగు డబ్బాతో వచ్చి, ఖాళీగా మిగిలి ఉన్న చంక భాగంలో "ఇచ్చట ప్రకటనలు అంటించరాదు. అతిక్రమించువారు శిక్షార్హులు" అని వ్రాయించారు. వ్రాస్తున్నంతసేపూ లాస్య మెలికలు తిరిగింది.

"అంకుల్, లోపల దురద పెడుతోంది" అన్నది.

"నిర్మాణ దశలో కొంత అసౌకర్యం సహజం పాపా. ప్రజలు సహకరించాలి."

"నా చెయ్యి నాకెప్పుడిస్తారు?"

ఆ ప్రశ్నకు నియమావళిలో సమాధానం వెదకడానికి త్రినాథరావు గారు కొంత కాలం తీసుకొన్నారు.

మూడు వారాలు నిండాయి. డాక్టరు గారు మళ్లీ ఎక్స్‌రే తీయించి, ఎముక ముచ్చటగా అతికిందని చెప్పి, కోత యంత్రాన్ని తీయబోయారు. అలమరకు ఎర్ర రిబ్బను కట్టి ఉన్నది.

"ప్లాస్టరు తొలగించడం అంటే," అని సూపరింటెండెంటు గారు గంభీరంగా వివరించారు, "చెయ్యి వినియోగంలోకి రావడం. వినియోగంలోకి రావడం అంటే ప్రారంభోత్సవం. అమాత్యుల వారు రిబ్బను కత్తిరించి, చేతిని జాతికి అంకితం చేయాలి. ఆ తరువాతే వ్రేళ్లు కదపడం."

"జాతికెందుకు?" అన్నది లాస్య. "నాకిస్తే చాలు."

పారినాయుడు గారు మనవరాలిని మందలించారు. "పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో రాకూడదమ్మా. దేనికైనా ఒక—" అని, ఎందుచేతనో వాక్యం ముగించలేదు. ప్లాస్టరు చివరన బయటికి కనబడుతున్న పిల్ల వ్రేళ్లు వంకాయ తొడిమలలా బిగుసుకొని ఉన్నాయి.

అమాత్యుల వారు సోమవారం వస్తామన్నారు. సోమవారం రాజధానిలో సమావేశం పడింది. గురువారం వస్తామన్నారు. గురువారం వర్షం వచ్చింది. ఆ మీద ఆదివారానికి వేదిక సిద్ధం చేసి, మైకు "వన్, టూ" అని "త్రీ" అనబోతుండగా మంత్రివర్గం మారిందన్న వార్త వచ్చింది. పాత అమాత్యుల వారు ఇంటికి వెళ్లిపోయారు. మైకు దాత మైకు విప్పుకొని పోయాడు.

త్రినాథరావు గారు నూతన అమాత్యుల వారి దర్శనం చేసుకొని, తిన్నగా పారినాయుడు గారి ఇంటికి వచ్చి వరండాలో కూర్చున్నారు. ముఖం వెలిగిపోతున్నది.

"నాయుడు గారూ, నూతన అమాత్యుల వారికి ఈ చెయ్యి అంటే ప్రత్యేకమైన ఆసక్తి కలిగింది. అయితే పూర్వపు వారి పేరుతో ఉన్న నిర్మాణాన్ని వారు ప్రారంభించరు. అది సంప్రదాయం కాదు. తమ పేరుతో తాజాగా శంకుస్థాపన చేస్తామన్నారు."

"మంచిదే కదండీ. ఆ పేర్లు తుడిచి, ఈ పేర్లు వ్రాసి—"

"తుడవడం నేరం. ఫలకాల రక్షణకు వేరే చట్టం ఉన్నది. పైగా ఇక్కడ సాంకేతికంగా మరో ఇబ్బంది." ఆయన గొంతు తగ్గించారు. "ఎముక అతికిపోయింది. పూర్తి అయిన పనికి శంకుస్థాపన ఎలా చేస్తాం?"

"అయితే?"

"అందువలన రెండవ దశ మంజూరయింది. ఎడమ చెయ్యి."

గుమ్మంలో పైడమ్మ గారు చేటతో సహా ఆగిపోయారు.

"ఎడమ చెయ్యి బాగానే ఉన్నదండీ" అన్నారు పారినాయుడు గారు నెమ్మదిగా.

"ప్రస్తుతానికి బాగానే ఉన్నది, కాదనను. విరగడం విషయంలో మా శాఖ జోక్యం చేసుకోదు. అది పూర్తిగా కుటుంబం వారి చొరవకే విడిచిపెట్టాం." త్రినాథరావు గారు పెరటి వైపు ఆప్యాయంగా చూశారు. "ఆ జీడిమామిడి చెట్టు ఇంకా ఉన్నది కదా?"

"ఓరి నీ కడుపు కాలా!" చేట ఎగిరి వచ్చి వరండా స్తంభానికి తగిలింది. "గుంటకున్న రెండో సెయ్యి ఇరగ్గొడతావేటి? ముందల నీది పట్రా, నాను శంకుస్థాపన సేస్తాను! గునపం ఏదీ? సెంచా నాకొద్దు, గునపమే తెండి!"

త్రినాథరావు గారు చెప్పులు చేతబట్టుకొని గేటు దాటారు. "తల్లీ, ప్రజల భావోద్వేగాలను పై అధికారులకు నివేదిస్తాను" అన్న మాట మాత్రం వీధిలో నుంచి వినబడింది.

పారినాయుడు గారు కుర్చీలో నుంచి లేవలేదు. నియమావళి తప్పు కాదు; ఆయన చదివారు. రెండవ దశ అన్నది కూడా పద్ధతి ప్రకారమే ఉన్నది. త్రినాథరావు గారు చెప్పిన ప్రతి వాక్యమూ దాని ముందరి వాక్యం నుంచి సక్రమంగానే వచ్చింది. అయినా ఆ వాక్యాలన్నీ వరుసగా నడుచుకొంటూ వచ్చి చివరకు ఎనిమిదేళ్ల పిల్లను చెట్టెక్కించి క్రిందికి త్రోయమంటున్నాయి. లాస్య ఎదుట చాప మీద కూర్చొని, ఎడమ చేతితో అచ్చనగాయ ఎగురవేసి, పట్టుకోలేక, దొర్లిపోయిన రాయి వెంట మోకాళ్ల మీద ప్రాకుతున్నది. భుజం వరకు ప్లాస్టరు ఉన్న చెయ్యి బల్లకు తగిలింది. మైకు దాత పేరు కొంచెం పెచ్చు ఊడింది.

"అయ్యో, తాతా, పేరు విరిగింది" అన్నది భయపడి.

పేరు విరిగినందుకు పిల్ల భయపడిందే గాని, చేతికి తగిలినందుకు కాదు. పారినాయుడు గారు అప్పుడు లేచారు.

ఆసుపత్రిలో డాక్టరు నీరజాక్షి గారు ఆయన మాట అంతా విని, తలుపు వైపు ఒకసారి చూసి, చాలా జాగ్రత్తగా మాట్లాడారు. "నాయుడు గారూ, గోరువెచ్చని నీళ్లలో చాలాసేపు నానబెడితే ప్లాస్టరు మెత్తబడుతుందనీ, అంచు పట్టుకుని మెల్లగా విప్పుకుంటూ పోవచ్చనీ నేను మీకు చెప్పకూడదు."

"చెప్పకండి" అన్నారు పారినాయుడు గారు.

"సాయంత్రం అటువైపు వస్తే మీ ఇంట్లో టీ తాగుతాను. అప్పుడు ఎవరైనా అలా విప్పుతూ ఉంటే పక్కన కూర్చుని చూడకూడదు కూడా."

"తప్పకుండా చూడకండి. పంచదార ఎంత వేయమంటారు?"

పైడమ్మ గారి పెద్ద ఇత్తడి గంగాళం వరండాలోకి వచ్చింది. అభివృద్ధి సంఘం ముందుగా నానింది. తరువాత పురపాలక అధ్యక్షులు మెత్తబడ్డారు. సూపరింటెండెంటు గారు కొంత మొండికేశారు గాని, వేడినీళ్లు మరో చెంబు పోయగానే లొంగిపోయారు. చుట్టు వెనుక చుట్టుగా పైడమ్మ గారు విప్పుతుంటే, డాక్టరు గారు పిల్ల మోచేతిని క్రింద నుంచి పట్టుకొని, చూడకుండా కూర్చున్నారు. అమాత్యుల వారు చివరన ఊడి వచ్చారు. నీళ్లు మజ్జిగలా తెల్లబడ్డాయి.

లోపల నుంచి పీలగా, పొట్టు లేస్తూ, నాని ముడుతలు పడిన చెయ్యి బయటికి వచ్చింది. లాస్య దానిని ఎవరిదో అన్నట్లు చూసింది. డాక్టరు గారు "మెల్లగా, మెల్లగా" అంటుండగా వ్రేళ్లు ముడిచింది, సగం ముడిచాయి. తెరిచింది, తెరుచుకొన్నాయి. "రోజూ వేడినీళ్లలో పెట్టి ఇలా ఆడించు. నాలుగు రోజుల్లో రాయి పట్టుకుంటావు" అన్నారు డాక్టరు గారు. లాస్య వినలేదు, ముందుగా భుజం నుంచి అరచేతి వరకు తనివితీరా గోక్కున్నది. ఆ సుఖాన్ని చూస్తుంటే పారినాయుడు గారికి తన వీపు కూడా దురద పెట్టింది.

త్రినాథరావు గారు మరునాడే రాకుండా, పైడమ్మ గారి కోపం చల్లారడానికి తగిన వ్యవధి ఇచ్చి, సూపరింటెండెంటు గారిని ముందుంచుకొని వచ్చారు. వరండాలో లాస్య కుడిచేత్తో అచ్చనగాయలు ఎగురవేస్తున్నది. పారినాయుడు గారు గేటు దగ్గరకే ఎదురు వెళ్లి, గొంతు సవరించుకొన్నారు.

"అయ్యా, ప్రారంభోత్సవం కాకుండానే చెయ్యి వాడుకలోకి వచ్చింది. అది నా ఇంట్లో, నా ఎదుట, నా సమ్మతితో జరిగింది. చెయ్యి నా మనవరాలిది. తమరు ఏ చర్య తీసుకొన్నా సిద్ధంగా ఉన్నాను."

త్రినాథరావు గారు అయోమయంగా చూశారు. "చేతి విషయం మాకెందుకండీ? నిర్మాణం ఏదీ?"

"నీళ్లలో కరిగిపోయింది."

"కరిగిపోయిందా!" సూపరింటెండెంటు గారు గేటు పట్టుకొన్నారు. "అమాత్యుల వారు ఎల్లుండి వస్తున్నారే! వేదిక వేశాం! మొదటి దశే లేకపోతే రెండవ దశకు శంకుస్థాపన ఎలా చేయిస్తాం?"

"కరిగిపోయినదంటే," అన్నారు త్రినాథరావు గారు ఆలోచిస్తూ, ఆయన ముఖంలో మళ్లీ మెల్లగా వెలుగు వచ్చింది, "పాత ఫలకం కూడా పోయినట్లే. ఎవరూ తుడవలేదు. స్వచ్ఛందంగా అంతరించింది. సార్, మార్గం సుగమమైంది! కొత్తది కట్టేద్దాం."

"నా మనవరాలికి కట్టనివ్వను."

"పిల్ల ఎందుకండీ? పిల్లలు కదులుతారు, కితకితలంటారు, నడుమ ప్రశ్నలు వేస్తారు. మొదటి దశలో మేము నేర్చుకొన్న ముఖ్యమైన పాఠం అది."

ఎల్లుండి నాటికి ఆసుపత్రి ఆవరణలో అరటిబోదెకు చిటికెన వ్రేలి నుంచి భుజం వరకు సలక్షణంగా ప్లాస్టరు కట్టి, వేదిక మధ్యన నిలబెట్టారు. పిల్లతో పని లేదు గనుక పొడవుకు హద్దు లేకపోయింది. పేర్లన్నీ పెద్ద అక్షరాలతో పట్టాయి. ఈశాన్యం కూడా మొదటిసారే కుదిరింది. నూతన అమాత్యుల వారు గునపంతోనే శంకుస్థాపన చేసి, అదే ఊపులో రిబ్బను కత్తిరించి, ప్లాస్టరును కోత యంత్రంతో చీల్చి, లోపల నుంచి వెలువడిన అరటిబోదెను జాతికి అంకితం చేశారు. శంకుస్థాపన జరిగిన పూటే ప్రారంభోత్సవం జరుపుకొన్న తొలి నిర్మాణంగా దానిని పరాంకుశం గారు కొనియాడారు. చప్పట్లు మోగాయి.

పారినాయుడు గారు కుటుంబంతో సహా ముందు వరుసలో కూర్చున్నారు. ఆహ్వానించారు గనుక వచ్చారు. అమాత్యుల వారి చూపు లాస్య మీద పడింది.

"ఈ పాప ఎవరు?"

"ఎవరో సార్, సభ చూడవచ్చిన పిల్ల" అన్నారు సూపరింటెండెంటు గారు.

అమాత్యుల వారు మైకు ముందుకు వచ్చారు. "సోదర సోదరీమణులారా! ఈ ఒక్క చేతితో మేము ఆగిపోము. ఈ సంవత్సరంలోనే గడప గడపకూ, ఇంటికొక చెయ్యి చొప్పున—"

త్రినాథరావు గారు ప్రక్క మైకులో, "తల్లిదండ్రులు తమ పిల్లలను దయచేసి ముందుకు పంపవలసిందిగా మనవి" అన్నారు.

మొదట వెనుక వరుసలలో కుర్చీలు కదిలిన చప్పుడయింది. ఒక తల్లి తన పిల్లవాడి రెండు చేతులూ కొంగు క్రింద దాచుకొని లేచింది. ఇంకొకామె చంటిదానిని దుప్పటిలో చుట్టింది. సైకిలు స్టాండ్లు టపటపా లేచాయి. "నాను సెప్పలే? పదండి, బేగి పదండి!" అని పైడమ్మ గారు చెప్పులు వెదుక్కొంటున్నారు.

"వందన సమర్పణ ఇంకా కాలేదు" అన్నారు పారినాయుడు గారు. జీవితంలో ఏ సభ నుంచీ ఆయన వందన సమర్పణకు ముందు లేచి రాలేదు.

ఆయన మణికట్టును ఎవరో గట్టిగా పట్టుకొని గుంజారు. కుర్చీ వెనుకకు పడింది. ఉత్తరీయం జారింది. అమాత్యుల వారి ఎదుటనే, జనం నడుమ నుంచి, గేటు వైపు ఆయనను పరుగు పరుగున లాక్కుపోతున్నది లాస్య, కుడిచేత్తో.